హెడ్‌ఫోన్స్‌లో వినిపిస్తోంది, ల్యాప్‌టాప్ స్పీకర్లలో రావట్లేదు: లినక్స్‌లో ఎక్కడ వెతకాలి

మీరు చెప్పింది క్లుప్తంగా ఇదీ. కొత్త ల్యాప్‌టాప్‌లో విండోస్ పక్కన ఉబుంటు 24.04 వేశారు. హెడ్‌ఫోన్స్ పెడితే శబ్దం బాగానే వస్తోంది, బ్లూటూత్‌లోనూ వస్తోంది. ల్యాప్‌టాప్ సొంత స్పీకర్లు మాత్రం మూగగా ఉన్నాయి. విండోస్‌లోకి వెళితే అవే స్పీకర్లు మోగుతున్నాయి. ఉబుంటును తుడిచి మళ్లీ వేసినా ఫలితం లేదు. ఎవరో పల్స్‌ఆడియో అనే సౌండ్ ప్రోగ్రామ్‌ను పూర్తిగా తీసేయమన్నారు, తీసేయాలా అని అడిగారు.

తీసేయొద్దు. మళ్లీ ఇన్‌స్టాల్ కూడా చేయొద్దు. మీరు రాసిన వివరాల్లోనే సగం జవాబు ఉంది.

కాలువ చివరి చేనుకు నీళ్లు అందకపోతే రైతు ఆనకట్ట దగ్గరికి పరిగెత్తడు, ఏ తూము దగ్గర ఆగాయో చూసుకుంటూ గట్టు వెంట నడుస్తాడు. ఇక్కడా అదే పని. మీరు వినే పాట ముందు బ్రౌజర్‌లోనో వీఎల్‌సీలోనో పుడుతుంది. అక్కడి నుంచి పైప్‌వైర్ అనే సౌండ్ సర్వర్‌కు వెళుతుంది. పైప్‌వైర్ దాన్ని కెర్నల్‌లోని, అంటే లినక్స్ గుండెకాయలాంటి భాగంలోని, అల్సా అనే శబ్ద విభాగానికి ఇస్తుంది. అల్సా డ్రైవర్ దాన్ని మదర్‌బోర్డు మీద, అంకెలను శబ్ద సంకేతంగా మార్చే కోడెక్ చిప్‌కు పంపుతుంది. ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా కనిపించే కోడెక్ రియల్‌టెక్ వారి ఏఎల్‌సీ రకం. కోడెక్ నుంచి ఒక దారి హెడ్‌ఫోన్ జాక్‌కు, ఇంకో దారి ఆంప్లిఫయర్ మీదుగా స్పీకర్లకు చీలుతుంది. మీకు హెడ్‌ఫోన్స్‌లో వస్తోందంటే బ్రౌజర్, పైప్‌వైర్, అల్సా, కోడెక్ నాలుగూ బతికే ఉన్నాయి. విండోస్‌లో స్పీకర్లు మోగుతున్నాయంటే వైరూ స్పీకరూ బాగున్నాయి. కనుక తప్పు కోడెక్ నుంచి స్పీకర్ వరకు ఉన్న ఆ చిన్న ముక్కలోనే ఉంది. పల్స్‌ఆడియో తీసేస్తే ఆ ముక్కలో ఏమీ మారదు. పైగా దానితో ముడిపడిన డెస్క్‌టాప్ ప్యాకేజీలు కూడా కొన్నిసార్లు ఊడిపోతాయి.

ఇంటర్నెట్‌లో దొరికే సలహాలు ఒకదానికొకటి పొంతన లేకుండా ఎందుకుంటాయో కూడా చెప్పాలి. లినక్స్ శబ్ద వ్యవస్థ చాలాసార్లు మారింది. అల్సా 1998లో మొదలై 2003 చివర వచ్చిన 2.6 కెర్నల్ నాటికి పాత ఓఎస్ఎస్ స్థానంలోకి వచ్చింది. తర్వాత పల్స్‌ఆడియో వచ్చింది. ఉబుంటులాంటి మరో లినక్స్ అయిన ఫెడోరాలో 34 నుంచి, అంటే 2021 నుంచి, దాని బదులు పైప్‌వైర్ రాసాగింది. ఉబుంటు 22.10, లినక్స్ మింట్ 22 కూడా అదే దారి పట్టాయి. 2010 ప్రాంతంలో రాసిన జవాబును 24.04 మీద ప్రయోగిస్తే, అప్పట్లో అది ఎంత సరైనదైనా ఇప్పుడు వేరే పొర మీద పనిచేస్తుంది. 'మీ యూజర్‌ను ఆడియో గ్రూపులో చేర్చండి' అన్నది అలాంటి పాత సలహాయే. ఇప్పుడు లాగిన్ అయినవారికి ఆ అనుమతి దానంతటదే వస్తుంది.

ఇక పనిలోకి దిగుదాం. తేలికవి ముందు.

పావుకంట్రోల్ (pavucontrol) అనే చిన్న ప్రోగ్రామ్ వేసుకోండి. ఉబుంటు సెట్టింగ్స్‌లో కనిపించని వివరాలు ఇందులో కనిపిస్తాయి. అవుట్‌పుట్ డివైజెస్ ట్యాబ్‌లో పోర్ట్ అనే చోట స్పీకర్స్, హెడ్‌ఫోన్స్ అని రెండు ఉంటాయి. జాక్‌లో ఏమీ పెట్టకుండా చూడండి. హెడ్‌ఫోన్స్ పక్కన 'ప్లగ్డ్ ఇన్' అని ఉందా? ఉంటే జాక్ లోపలి స్విచ్ అతుక్కుపోయిందనో, అందులో దుమ్ము చేరిందనో అర్థం. హెడ్‌ఫోన్ పిన్నును నాలుగైదు సార్లు పెట్టి తీయండి, ఎండిన దూది పుల్లతో మెల్లగా తుడవండి. కాన్ఫిగరేషన్ ట్యాబ్‌లో ప్రొఫైల్ 'అనలాగ్ స్టీరియో డ్యూప్లెక్స్' గానీ అలాంటిది గానీ ఉండాలి. 'ప్రో ఆడియో' ఉంటే మార్చండి. ఆ ప్రొఫైల్‌లో స్పీకర్, హెడ్‌ఫోన్ అనే తేడానే ఉండదు.

తర్వాత టెర్మినల్ తెరిచి అల్సామిక్సర్ (alsamixer) అని కొట్టండి. చాలామంది ఇక్కడే పొరబడతారు. తెరవగానే ఒకటే నిలువు పట్టీ కనిపిస్తుంది, అది నిండుగా ఉంటుంది, అంతా బాగుందని మూసేస్తారు. అది పైప్‌వైర్ వాల్యూమ్ మాత్రమే, కార్డుది కాదు. ఎఫ్6 నొక్కి అసలు కార్డును ఎంచుకోండి. అప్పుడు మాస్టర్, స్పీకర్, హెడ్‌ఫోన్, పీసీఎం అని వరుసగా పట్టీలు వస్తాయి. ఏ పట్టీ కింద ఎంఎం అని ఉందో అది మ్యూట్‌లో ఉంది. దాని మీదికి బాణం మీటతో వెళ్లి ఎం నొక్కితే 00 అవుతుంది. కుడివైపు చివరిదాకా వెళ్లండి, 'ఆటో మ్యూట్ మోడ్' అని ఒకటి ఉంటుంది. హెడ్‌ఫోన్ పెట్టగానే స్పీకర్లను ఆపేది అదే. జాక్ అబద్ధం చెబుతుంటే దీని వల్ల స్పీకర్లు శాశ్వతంగా ఆగిపోతాయి. కింది బాణంతో డిజేబుల్డ్ చేసి వినండి. శబ్దం వస్తే జాక్‌దే సమస్య. అప్పుడు సుడోతో, అంటే అడ్మిన్ అనుమతితో, అల్సాసీటీఎల్ స్టోర్ (sudo alsactl store) అని కొడితే ఆ అమరిక నిలుస్తుంది.

మీది డ్యూయల్ బూట్ కాబట్టి ఇంకో మాట. విండోస్‌లో షట్‌డౌన్ నొక్కితే, ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉన్నప్పుడు అది పూర్తిగా ఆగదు, సగం హైబర్నేట్ అవుతుంది. విండోస్ నుంచి నేరుగా రీస్టార్ట్ చేసి ఉబుంటులోకి వచ్చినా, విండోస్ డ్రైవర్ కోడెక్‌ను వదిలిన స్థితిలోనే అది ఉండిపోవచ్చు. రియల్‌టెక్ కోడెక్‌లతో ఇది తరచూ జరుగుతుంది. విండోస్‌లో షిఫ్ట్ మీట పట్టుకుని షట్‌డౌన్ నొక్కండి. ఛార్జర్ తీసి, పవర్ బటన్‌ను అర నిమిషం నొక్కి ఉంచండి. తర్వాత నేరుగా ఉబుంటు తెరవండి. దీనితో స్పీకర్లు పలికితే విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్‌ను ఆపేస్తే చాలు.

ఈ దశ దాటాక ఒక కొలత తీసుకోండి. స్పీకర్ టెస్ట్ (speaker-test) అనే ఆదేశం అల్సాతోపాటు వస్తుంది. దాన్ని రెండు చానళ్లతో, వేవ్ రకంతో నడిపితే 'ఫ్రంట్ లెఫ్ట్', 'ఫ్రంట్ రైట్' అని ఓ గొంతు పలుకుతుంది. రెండూ రాకపోవడం ఒక కథ, ఒకవైపే రావడం ఇంకో కథ. ఒకవైపే వస్తే, కొత్త ల్యాప్‌టాప్‌లలో రెండు ఆంప్లిఫయర్లలో ఒకటి డ్రైవర్‌కు దొరకలేదని అనుమానించాలి. పాత ల్యాప్‌టాప్ అయితే లోపలి వైరును అనుమానించాలి.

ఏఎండీ ప్రాసెసర్ ల్యాప్‌టాప్ అయితే అదనంగా ఒక చిక్కు ఉంది. అందులో రెండు సౌండ్ కార్డులు కనిపిస్తాయి, రెండిటి పేరూ 'హెచ్‌డీ ఆడియో జెనరిక్' అనే ఉంటుంది. ఒకటి హెచ్‌డీఎంఐది, రెండోదే మన కోడెక్. అల్సామిక్సర్‌లో మొదటిది ఎంచుకుని 'ఇందులో స్పీకర్ పట్టీ లేదేమిటి' అని గాభరా పడేవారు ఎందరో. ఎస్‌పీడీఐఎఫ్ అని మాత్రమే కనిపిస్తే అది హెచ్‌డీఎంఐ కార్డు, రెండోది చూడండి.

ఇవన్నీ సరిగ్గా ఉండి, పట్టీలు నిండుగా ఉండి, పోర్ట్ స్పీకర్స్ అని చూపిస్తూ, పావుకంట్రోల్‌లో పాటకు తగ్గట్టు మీటర్ ఊగుతూ, అయినా నిశ్శబ్దమే అయితే, మీ లక్షణాలను బట్టి నా అనుమానమంతా ఆంప్లిఫయర్ మీదే. దీని గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే ఈ కాలపు ల్యాప్‌టాప్ స్పీకర్ సమస్యల్లో అందరినీ ఎక్కువ తిప్పలు పెట్టేది ఇదే.

పాత ల్యాప్‌టాప్‌లలో కోడెక్ చిప్పే నేరుగా స్పీకర్‌ను నడిపేది. సన్నని ల్యాప్‌టాప్‌లలో చిన్న స్పీకర్ల నుంచి పెద్ద శబ్దం రాబట్టడానికి తయారీదార్లు కోడెక్ తర్వాత విడిగా స్మార్ట్ ఆంప్లిఫయర్ చిప్‌లు పెడుతున్నారు. సిరస్ లాజిక్ వారి సీఎస్35ఎల్41, టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి టాస్2781 అలాంటివి. ఇవి కరెంటు అందగానే వాటంతటవే పనిచేసే రకం కాదు. ఐ2సీ లేదా ఎస్‌పీఐ అనే వేరే దారిలో ఎవరైనా వాటిని నిద్రలేపి, ఎంత వోల్టేజీ పెంచాలో, ఏ పిన్నుతో రీసెట్ కావాలో చెప్పాలి. ఆ వివరాలను తయారీదారు బయోస్‌లో (ల్యాప్‌టాప్ ఆన్ చేయగానే ముందుగా నడిచే ప్రోగ్రామ్‌లో), హార్డ్‌వేర్ వివరాలు చెప్పే ఏసీపీఐ పట్టికలో రాయాలి. కొన్ని మోడళ్లలో అవి రాయలేదు. విండోస్ డ్రైవర్‌కు ఆ వివరాలు ఇంకో దారిలో తెలుసు కాబట్టి అక్కడ శబ్దం వస్తుంది. లినక్స్ డ్రైవర్ ఆ పట్టికలో వెతికి, ఏమీ దొరక్క ఊరుకుంటుంది. హెడ్‌ఫోన్స్‌కు ఈ చిప్‌తో పని లేదు కనుక అవి మోగుతూనే ఉంటాయి. మీ లక్షణాలన్నీ ఈ వర్ణనకు సరిపోతున్నాయి.

దీన్ని తేల్చడం కష్టం కాదు. టెర్మినల్‌లో సుడో పెట్టి, కెర్నల్ సందేశాలను చూపే డీమెసేజ్ (dmesg) ఆదేశం నడిపి, ఆ ఫలితంలో సీఎస్35 లేదా టాస్2 అనే అక్షరాల కోసం వెతకండి. మూడు రకాల జవాబులు రావచ్చు. 'ఫర్మ్‌వేర్ లోడెడ్' (చిప్ లోపల నడిచే ప్రోగ్రామ్ ఎక్కింది) అని వస్తే ఆంప్లిఫయర్ లేచినట్టే, సమస్య మరోచోట ఉంది. ఫర్మ్‌వేర్ పేరు చెప్పి 'ఫెయిల్డ్ విత్ ఎర్రర్ మైనస్ 2' అని వస్తే ఆ ఫైల్ డిస్కులో లేదని అర్థం. లినక్స్ ఫర్మ్‌వేర్ ప్యాకేజీని కొత్తది చేయాలి. సిరస్ చిప్‌లో ఫర్మ్‌వేర్ లేకపోయినా శబ్దం రావచ్చు, కానీ నీరసంగా వస్తుంది. స్పీకర్ కాలిపోకుండా కాపలా కాసేది ఆ ఫర్మ్‌వేరే కాబట్టి అది లేనప్పుడు డ్రైవర్ శబ్దాన్ని తగ్గించి ఉంచుతుంది. మూడోది, చిప్ వివరాలు (ప్రాపర్టీస్) దొరకలేదనో, చిప్‌ను గుర్తించలేదనో వచ్చే వరుసలు. అసలు ఏ వరుసా రాకపోవడం కూడా ఇందులోకే వస్తుంది. అప్పుడు కెర్నల్ మారాలి.

ల్యాప్‌టాప్‌లలోని సిరస్ చిప్‌కు కెర్నల్ మద్దతు 2022లో వచ్చిన 5.17తో మొదలైంది. టాస్2781కు 2023 నాటి 6.6లో వచ్చింది. బయోస్‌లో వివరాలు లేని మోడళ్లను ఆ తర్వాతి కెర్నళ్లలో ఒక్కొక్కటిగా చేరుస్తూ వస్తున్నారు. ఉబుంటు 24.04 మొదట 6.8 కెర్నల్‌తో వచ్చింది. మీ ల్యాప్‌టాప్ ఆ కెర్నల్ కంటే తర్వాత మార్కెట్‌లోకి వచ్చి ఉంటే దాని పేరు అందులో లేకపోవడం సహజం. కాబట్టి దేన్నీ మార్చకముందే, తాజా ఫెడోరాను పెన్‌డ్రైవ్‌లో పెట్టి, ఇన్‌స్టాల్ చేయకుండా లైవ్‌గా నడిపి ఒక వీడియో పెట్టి చూడండి. అక్కడ స్పీకర్లు పలికితే మీ ఉబుంటులో హెచ్‌డబ్ల్యూఈ కెర్నల్‌ను, అంటే కొత్త హార్డ్‌వేర్ కోసం ఉబుంటు ఇచ్చే కొత్త కెర్నల్‌ను, వేసుకోండి. నేను అందరికీ మొదట చెప్పే పరీక్ష ఇదే. ఇరవై నిమిషాల్లో అయిపోతుంది, మీ డిస్కును తాకదు, ఓపిక పట్టి కెర్నల్ కోసం ఆగాలా లేక మరమ్మతు చేయాలా అన్నది తేల్చేస్తుంది. బయోస్ అప్‌డేట్ ఉందేమో కూడా ఈలోపు చూసుకోండి. తయారీదారు ఆ వివరాలను తర్వాత చేర్చిన సందర్భాలు ఉండవచ్చు.

ఒక హెచ్చరిక మనస్ఫూర్తిగా చేస్తున్నాను. ఎవరో తమ ల్యాప్‌టాప్ కోసం ఐ2సీ ద్వారా ఆంప్లిఫయర్‌కు అంకెలు పంపే స్క్రిప్టు రాసి పెడతారు. మీది అదే మోడల్ కాకపోతే దాన్ని నడపకండి. ఆ చిప్ లోపల వోల్టేజీ పెంచే భాగం ఉంది, తప్పుడు అంకె స్పీకర్ కాయిల్‌ను వేడెక్కించగలదు. ఆపిల్ ఎం శ్రేణి మ్యాక్‌బుక్‌లకు లినక్స్ తెచ్చిన ఆసాహీ బృందం ఏం చేసిందో చూడండి. స్పీకర్ కాయిల్ వేడిని అంచనా వేసి శబ్దాన్ని తగ్గించే స్పీకర్‌సేఫ్టీడీ అనే కాపలా ప్రోగ్రామ్ సిద్ధమయ్యేదాకా స్పీకర్లను తెరవనే లేదు. అంత జాగ్రత్త అవసరమైన చోట మనం గుడ్డిగా అంకెలు పంపకూడదు.

ఆంప్లిఫయర్ జాడే లేని సాదా కోడెక్ ల్యాప్‌టాప్ అయితే తప్పు పిన్నుల దగ్గర ఉండొచ్చు. కోడెక్‌లో ఏ కాలు స్పీకర్‌కు, ఏ కాలు జాక్‌కు అన్నది బయోస్ చెప్పాలి. అది తప్పు చెబితే కెర్నల్ ఆ తప్పునే నమ్ముతుంది. అందుకే రియల్‌టెక్ డ్రైవర్‌లో పెద్ద పట్టిక ఉంది. ఒక్కో ల్యాప్‌టాప్‌కు సబ్‌సిస్టమ్ ఐడీ (ఆ మోడల్‌ను గుర్తించే సంఖ్య), దానికి చేయాల్సిన దిద్దుబాటు రాసి ఉంటాయి. ఆ ఐడీ మొదటి సగం తయారీదారుది: 1043 అంటే ఏసుస్, 103సీ అంటే హెచ్‌పీ, 17ఏఏ అంటే లెనోవో, 1028 అంటే డెల్. మీ మోడల్ అందులో లేకపోతే దగ్గరి మోడల్ దిద్దుబాటును మోడల్ అనే ఆప్షన్‌తో తాత్కాలికంగా అరువు తెచ్చుకోవచ్చు. హెచ్‌డీఏ జాక్ రీటాస్క్ అనే ప్రోగ్రామ్‌తో పిన్నుల పాత్రలను బొమ్మలోనే మార్చి చూడొచ్చు. రీబూట్‌తో పోయేలా ముందు పరీక్షించి, పనిచేశాకే శాశ్వతం చేయండి.

శబ్దం వస్తోంది కానీ డబ్బాలో మోగినట్టు పలుచగా ఉందనేవారిది కొంచెం వేరే సంగతి. నాలుగు స్పీకర్ల ల్యాప్‌టాప్‌లలో బాస్ స్పీకర్లు తరచూ 0ఎక్స్17 అనే పిన్ను మీద ఉంటాయి. దానికి కోడెక్ తనంతట తాను ఇచ్చే డీఏసీకి (అంకెలను శబ్ద సంకేతంగా మార్చే భాగానికి) వాల్యూమ్ నియంత్రణ ఉండదు. అందుకే కొన్నిచోట్ల బాస్ అసలు పలకదు, కొన్నిచోట్ల వాల్యూమ్ తగ్గించినా అదే గట్టిదనంతో పలుకుతుంది. దీనికీ పైన చెప్పిన పట్టికే మందు. అన్ని స్పీకర్లూ పలుకుతూ కూడా విండోస్‌కంటే పేలవంగా ఉంటే, విండోస్‌లో డాల్బీలాంటి సాఫ్ట్‌వేర్ శబ్దానికి నగిషీ చెక్కుతోందని అర్థం. ఈజీఎఫెక్ట్స్ అనే ప్రోగ్రామ్ వేసుకుని ఈక్వలైజర్ సర్దుకోండి. వాల్యూమ్‌ను 150 శాతానికి తోసి సరిపెట్టుకోవద్దు. 100 దాటితే శబ్దం చీలిపోతుంది, చిన్న స్పీకర్‌కు అది మంచిది కాదు.

ఈ జవాబు చదివేవారిలో కొందరికి హెడ్‌ఫోన్స్ కూడా పలకవు, సెట్టింగ్స్‌లో 'డమ్మీ అవుట్‌పుట్' అని కనిపిస్తుంది. వాళ్లకు కార్డే దొరకలేదు. కొత్త ఇంటెల్ యంత్రాల్లో సౌండ్ ఓపెన్ ఫర్మ్‌వేర్ ప్యాకేజీ లేకపోవడం దీనికి మామూలు కారణం. డెబియన్‌లో ఫర్మ్‌వేర్ సాఫ్ సైన్డ్ పేరుతో, ఫెడోరాలో అల్సా సాఫ్ ఫర్మ్‌వేర్ పేరుతో దొరుకుతుంది. డీఎస్‌పీ డ్రైవర్ విలువను 1 చేయమని ఎవరైనా చెబితే స్పీకర్లు రావచ్చు, కానీ లోపలి మైకు పోతుంది. ఆన్‌లైన్ క్లాసులు, మీటింగులు ఉన్నవారికి అది పనికిరాదు. టిమిడిటీ అనే మిడీ ప్రోగ్రామ్ నేపథ్యంలో కార్డును పట్టుకుని కూర్చున్నా డమ్మీ అవుట్‌పుటే వస్తుంది, దాన్ని తీసేస్తే చాలు. పాట మొదలైనప్పుడల్లా టప్ మని శబ్దం వస్తుంటే అది విద్యుత్ పొదుపు పని. హెచ్‌డీఏ ఇంటెల్ మాడ్యూల్ పవర్ సేవ్ విలువను 0 చేయండి.

ఇంత పొడుగ్గా రాయడానికి ఒక కారణం ఉంది. లినక్స్‌లో తెర మీది అక్షరాలను చదివి వినిపించే ఓర్కా స్క్రీన్ రీడర్ వాడే చూపులేనివారు నాకు తెలుసు. అక్షరాలను గొంతుగా మార్చే ఈస్పీక్ ఎన్‌జీలో తెలుగు గొంతు ఉంది కాబట్టి వాళ్లు తెలుగు పేజీలు కూడా వింటారు. వాళ్ల యంత్రంలో స్పీకర్ పలకలేదంటే స్క్రీన్ పలకనట్టే. 'స్పీకర్ లేకపోతే ఇయర్‌ఫోన్స్ పెట్టుకో' అని తేల్చేసే జవాబులు వాళ్లకు సరిపోవు.

స్పీకర్ మార్పించడానికి సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీకో మీ ఊరి రిపేరు షాపుకో వెళ్లేవాళ్లు ముందు ఒకటి తేల్చుకోవాలి. మీలాగా విండోస్ ఉంటే అందులో మోగిందో లేదో చూస్తే సరి. లేకపోతే కొన్ని ల్యాప్‌టాప్‌లలో బూట్ మెనూ నుంచి తెరుచుకునే హార్డ్‌వేర్ పరీక్ష ఉంటుంది, అది శబ్దాన్నీ పరీక్షిస్తుంది. అక్కడ మోగితే డబ్బు ఖర్చు చేయాల్సిన పని లేదు.

పైవన్నీ చూశాక కూడా స్పీకర్లు పలకకపోతే ఇవి పంపండి: ల్యాప్‌టాప్ పూర్తి మోడల్ సంఖ్య, అడుగున అంటించిన స్టిక్కర్ మీద ఉంటుంది. యూనేమ్ (uname -r) ఆదేశం చూపే కెర్నల్ వెర్షన్. అల్సా ఇన్ఫో స్క్రిప్టును 'నో అప్‌లోడ్' ఆప్షన్‌తో నడిపితే వచ్చే టెక్స్ట్ ఫైల్. కోడెక్ పేరు, సబ్‌సిస్టమ్ ఐడీ, పిన్నుల అమరిక అన్నీ ఆ ఫైల్‌లోనే ఉంటాయి. డీమెసేజ్‌లో ఆంప్లిఫయర్ వరుసలు వస్తే అవి కూడా జత చేయండి. ఐడీ చూస్తే పట్టికలో మీ మోడల్ ఉందో లేదో, ఉంటే ఏ కెర్నల్ నుంచి ఉందో తెలుస్తుంది. లేకపోతే అదే ఫైల్‌తో కెర్నల్ బగ్‌జిల్లాలో సౌండ్ విభాగంలో ఫిర్యాదు పెట్టాలి. ఆ ఫిర్యాదు రాయడంలో నేను సాయం చేస్తాను.